ఊరి మ్యూజియం కోసం మున్సిపాలిటీతో ఒప్పందం ఎలా కుదుర్చుకోవాలి

మా ఊళ్లో మ్యూజియం తెరిచిన రోజు మా సంఘం దగ్గర 43 పాత వస్తువులు, మున్సిపాలిటీ ఇచ్చిన ఒక పెద్ద గది, బోలెడంత ఉత్సాహం ఉన్నాయి. కాగితం మాత్రం లేదు. ఆ రోజు ఓ పెద్దావిడ మనవడి చేత ఇత్తడి కుంచం పట్టించుకుని వచ్చింది. నాలుగు మానికలు పట్టే కుంచం అది. అడుగున ఇంటిపేరు చెక్కి ఉంది. "మా అత్తగారు దీంతోనే కళ్లంలో వడ్లు కొలిపించేది నాయనా, మీ దగ్గర పెట్టుకోండి" అంది. దండం పెట్టి తీసుకున్నాం. అది 44వ వస్తువు.

ఆరేళ్లకి ఆవిడ కాలం చేసింది. అదే మనవడు ఒకరోజు వచ్చి, "నాయనమ్మ మీకు చూపించుకోవడానికి ఇచ్చింది కానీ, మొత్తానికి ఇచ్చెయ్యలేదు కదండీ" అన్నాడు. "పెట్టుకోండి" అన్న మాటకి అర్థం చెప్పాల్సిన మనిషి లేదు. మున్సిపాలిటీ ఆఫీసులో అడిగితే "మా భవనంలో ఉన్నవన్నీ మావే కదా" అన్నారు. ఒక కుంచానికి ముగ్గురు హక్కుదారులం తేలాం. ఆ అబ్బాయి పెద్ద మనసు చేసుకుని రాసిచ్చాడు కాబట్టి అది ఇవాళ మా గదిలో ఉంది. ఇంకో ఇంట్లో అయితే కోర్టుకి వెళ్లేది.

అందుకే ఊరి మ్యూజియం పెడతామని ఎవరొచ్చి అడిగినా నేను మొదట చెప్పేది ఇదే: రిబ్బన్ కత్తిరించే ముందు ఏ వస్తువు ఎవరిదో, ఏ ఖర్చు ఎవరిదో, తాళం ఎవరి దగ్గర ఉంటుందో రాసుకోండి. కింద చెప్పిన పనులన్నీ ఆ రాతకోతల చుట్టూనే తిరుగుతాయి.

ఎవరి దగ్గర ఏముందో ముందు చూసుకోండి

మున్సిపాలిటీకైనా పంచాయతీకైనా భవనం ఉంటుంది, కరెంటు మీటరు ఉంటుంది, ఒక వాచ్‌మన్‌ని పెట్టగల వీలుంటుంది. వాళ్లకి లేనివి తీరిక, వస్తువు విలువ తెలిసిన మనిషి, ఊళ్లో జనం అటక మీది పెట్టె దించి చేతికిచ్చేంత నమ్మకం. మీలాంటి స్వచ్ఛంద సంఘం దగ్గర సరిగ్గా అవే ఉంటాయి. ఒకరికి లేనిది ఇంకొకరి దగ్గర ఉంది కాబట్టే కలిసి నడపడం కుదురుతుంది. ఈ మాట పైకి చెప్పుకుని మొదలుపెడితే అవతలివాళ్లని అనుగ్రహం అడుగుతున్నామన్న బెరుకు పోతుంది.

మీరు అడిగేది వాళ్ల పనిలో భాగమే. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో 13వ అంశం సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాల ప్రోత్సాహం. అది పురపాలక సంస్థలకి సంబంధించినది. పంచాయతీలకైతే 11వ షెడ్యూలులో 21వ అంశం సాంస్కృతిక కార్యక్రమాలు. మీ దరఖాస్తు మొదటి పేరాలోనే ఈ అంశం నంబరు రాయండి. "ఇది మా పరిధిలోకి రాదు" అనే మాట అక్కడే ఆగిపోతుంది.

డబ్బు సంగతి వేరు. గ్రంథాలయాలకి ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు వసూలవుతుంది. మ్యూజియానికి అలాంటి దారి లేదు. ప్రతి ఏడూ బడ్జెట్లో అడిగి పెట్టించుకోవాల్సిందే. ఇది తెలిసి దిగితే తర్వాత నిరుత్సాహపడరు.

సంఘాన్ని రిజిస్టర్ చేయించండి

మున్సిపాలిటీ వ్యక్తులతో ఒప్పందం రాసుకోదు. రిజిస్టరైన సంస్థ కావాలి. మన దగ్గర అన్నిటికంటే తేలిక దారి 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. తెలంగాణలో కూడా అదే చట్టం అమల్లో ఉంది. కనీసం ఏడుగురు సభ్యులుండాలి. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు, ఆశయపత్రం, నియమావళి, సభ్యుల గుర్తింపు కార్డులు, ఆఫీసు చిరునామాకి ఆధారం ఇవ్వాలి.

ఏడుగురిని ఎంచుకునేటప్పుడు అందరూ చరిత్ర మాస్టార్లే అయితే కష్టం. లెక్కలు రాసే మనిషి ఒకరు, ఆఫీసుల చుట్టూ విసుగు లేకుండా తిరిగే రిటైర్డ్ ఉద్యోగి ఒకరు, వడ్రంగి పనో కరెంటు పనో తెలిసినవారు ఒకరు, ఊళ్లో అన్ని వీధుల్లోనూ అన్ని కులాల ఇళ్లలోనూ చనువుగా లోపలికి వెళ్లగల ఆడవాళ్లు ఇద్దరైనా ఉండాలి. మా సేకరణలో మంచివన్నీ వంటింటి అటకల మీద నుంచీ, సాలెవాడల పాకల్లోంచీ, చాకిరేవు దగ్గరి ఇళ్లలోంచీ వచ్చాయి. అవి మగవాళ్లకి చూపించేవాళ్లు కాదు. మా సంఘంలో ఉన్న టీచరమ్మ వెళ్లి కాసేపు అరుగు మీద కూర్చుంటే పెట్టె తీసేవాళ్లు. ఊరి మ్యూజియంలో ఒక్క పెద్దింటి పల్లకీ మాత్రమే ఉంటే అది ఊరి మ్యూజియం ఎలా అవుతుంది?

నియమావళిలో ఒక అంశం తప్పకుండా రాయించండి: సంఘం మూతపడితే వస్తువులు ఎవరికి చెందుతాయి? సభ్యులు పంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు. అలాంటి ఆశయాలే ఉన్న ఇంకో సంఘానికో ప్రభుత్వ మ్యూజియానికో వెళ్లేలా ముందే పేర్కొనండి. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతో నడవాలి. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి, కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కి పంపడం మరవకండి. ఈ చిన్న పని మానేసిన సంఘాలు సరిగ్గా గ్రాంటు వచ్చే వేళకి ఇరుక్కుంటాయి.

వాన పడుతున్నప్పుడు భవనం చూడండి

పాత తాలూకా కచేరీ, మూతపడిన బడి, వాడకంలో లేని టౌన్ హాలు గది, ఇలా ఏదో ఒకటి చూపిస్తారు. ఎండాకాలంలో చూసి ఒప్పుకోకండి. మంచి వాన రోజు గొడుగు వేసుకుని వెళ్లండి. పైకప్పు ఎక్కడ కారుతుందో సుద్దముక్కతో నేల మీద గుర్తు పెట్టండి. గోడ కింది రెండు అడుగుల మేర చెమ్మ ఎక్కుతోందేమో చేత్తో తడిమి చూడండి. తలుపు చట్రాల్లో చెద పుట్టిన మట్టి గీతలు కనిపిస్తే ముందు వాటి సంగతి తేలాలి. తాళపత్రాలకీ బట్టకీ కర్రకీ చెమ్మ, చెద కంటే పెద్ద శత్రువులు లేవు.

ఇంకో మూడు చూడండి: మెట్లెక్కలేనివాళ్లు లోపలికి రాగలరా, మరుగుదొడ్డి ఉందా, ఎన్నికలప్పుడో తుపానప్పుడో ఆ గదిని అధికారులు వాడుకుంటారా. చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. మా గదిని ఒకసారి రాత్రికి రాత్రి సామాన్లు పెట్టుకోవడానికి తీసుకున్నారు. రాట్నం మీద బియ్యం బస్తాలు వేశారు. దాని చక్రం ఇప్పటికీ వంకరగానే తిరుగుతుంది.

ఆఫీసుకి వెళ్లే వరస

చాలామంది తిన్నగా చైర్‌పర్సన్ దగ్గరికో ఎమ్మెల్యే దగ్గరికో వెళ్తారు. ఆయన "తప్పకుండా చేద్దాం" అంటారు, ఫొటో దిగుతారు, ఆర్నెల్లు గడుస్తాయి. నా అనుభవంలో ముందు కలవాల్సింది ఆస్తుల ఫైలు చూసే సెక్షన్ గుమాస్తాని. ఆ భవనం మున్సిపాలిటీ పేరునే ఉందా, రెవెన్యూ శాఖదా, దాని మీద కేసేమైనా ఉందా అన్నది ఆయనకే తెలుస్తుంది. తర్వాత కమిషనర్, ఆపైన మీ వార్డు కౌన్సిలర్, చివర చైర్‌పర్సన్. పంచాయతీలో అయితే కార్యదర్శి, వార్డు సభ్యులు, సర్పంచ్. గ్రామ సభలో కూడా విషయం పెట్టించండి. ఊరందరి ముందు ఒప్పుకున్న మాటని తర్వాత ఎవరూ తేలిగ్గా కాదనలేరు.

దరఖాస్తు రెండు పేజీలు మించకూడదు. మీ సంఘం రిజిస్ట్రేషన్ నంబరు, ఏ గది కావాలి, ఎన్నేళ్లకి, వారంలో ఎన్ని రోజులు తెరుస్తారు, మీరు పెట్టే ఖర్చు, వాళ్లు పెట్టాల్సిన ఖర్చు. వెనక వస్తువుల ఫొటోలు ఓ పది. ఫొటోలే పని చేస్తాయి. మా ఫైలు తిప్పుతున్న కమిషనర్ ఒక ఫొటో దగ్గర ఆగి "ఇది గొర్రు కదూ? మా తాత దీంతో విత్తేవాడు" అన్నారు. ఆ మధ్యాహ్నమే ఫైలు కదిలింది.

కౌన్సిల్ ఎజెండాలోకి ఎక్కాక తీర్మానం ముసాయిదా మీరే రాసివ్వండి. "మ్యూజియం ఏర్పాటుకు సహకరించడమైనది" లాంటి తీర్మానం పనికిరాదు. గది కొలతలు, గడువు, ఎవరితో ఒప్పందం, సంతకం చేసే అధికారం ఎవరికి అన్నవి అందులో ఉండాలి. ఆమోదం పొందిన తీర్మానం ధ్రువీకృత నకలు తీసుకుని దాచండి. పాలకవర్గానికి అయిదేళ్లే గడువు. ఒక్కోసారి ఎన్నికలు ఆలస్యమై అసలు పాలకవర్గమే ఉండదు. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో పంచాయతీల గడువు ముగిశాక 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా ప్రత్యేక అధికారులే నడిపారు. అలాంటి రోజుల్లో కొత్తగా వచ్చిన అధికారికి మీ గురించి తెలిసేది ఆ నకలు వల్లే.

ఒప్పందం: ఇక్కడ తొందర పడకండి

ఇదే అసలు పని. నెల పట్టినా రెండు నెలలు పట్టినా పరవాలేదు, మంచి లాయర్‌ని కూర్చోబెట్టుకోండి.

మన దేశంలో చూసి నేర్చుకోదగ్గ నమూనా ముంబైలో ఉంది. బైకుల్లాలోని డాక్టర్ భావూ దాజీ లాడ్ మ్యూజియాన్ని 1872లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం పేరుతో తెరిచారు. 1975లో ఇప్పటి పేరు పెట్టారు. నగర కార్పొరేషన్‌కి చెందిన ఆ మ్యూజియం కాలక్రమంలో బాగా పాడుబడింది. 2003లో ముంబై కార్పొరేషన్, వారసత్వ పరిరక్షణ కోసం పనిచేసే ఇంటాక్, జమ్నాలాల్ బజాజ్ ఫౌండేషన్ ముగ్గురూ కలిసి ఒప్పందం రాసుకున్నారు. ఒకరిది ఆస్తి, ఒకరిది పనితనం, ఒకరిది విరాళం. భవనాన్ని బాగుచేసిన తీరుకి 2005లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ అవార్డుల్లో అత్యున్నతమైనది వచ్చింది. అయినా వాళ్లు హడావుడిగా తెరవలేదు. లోపలి పనులన్నీ పూర్తయ్యాక 2008 జనవరిలో జనానికి తలుపులు తీశారు. అయిదేళ్లు పట్టింది. మీ గదికి అయిదు నెలలు పడితే బాధపడకండి.

ఇంగ్లండ్‌లో ఇలాంటి ఏర్పాట్లు చాలా ఉన్నాయి. యార్క్ నగరంలో 2002లో యార్క్ మ్యూజియమ్స్ ట్రస్ట్ అనే ధర్మసంస్థ ఏర్పడింది. అప్పటి నుంచి నగర మ్యూజియాలని నడిపేది ఆ ట్రస్టు. సొంతదారు మాత్రం ఇప్పటికీ నగర కౌన్సిలే. నడిపే చెయ్యి వేరు, సొంతదారు వేరు అని ఒకసారి రాసుకున్నాక రోజూ వాదులాడుకోవాల్సిన పని లేదు.

మన ఊళ్ల సంగతి కొంచెం వేరు. ఇక్కడ భవనం మున్సిపాలిటీదైనా వస్తువులు జనం మీ ముఖం చూసి ఇచ్చినవి. అందుకని ఒప్పందంలో నేను కోరే మొదటి వాక్యం ఇలా ఉండాలి: "గదిలో ఉంచిన వస్తువులు ఆ గదిలో ఉన్నంత మాత్రాన పురపాలక సంఘ ఆస్తి కావు. ప్రతి వస్తువు సొంతదారు ఎవరన్నది ఉమ్మడి రిజిస్టరు ప్రకారమే నిర్ణయించబడును." ఈ ఒక్క వాక్యం మాకు మొదట్లో ఉండుంటే కుంచం గొడవ సగం తగ్గేది.

రెండోది అమ్మకం గురించి. "మనవాళ్లు అమ్ముతారా ఏమిటి" అనుకోకండి. 2014 జులైలో ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్ బరో కౌన్సిల్ తన మ్యూజియంలో ఉన్న సెఖెమ్కా అనే ప్రాచీన ఈజిప్టు శిల్పాన్ని లండన్ వేలంలో అమ్మేసింది. దాదాపు కోటీ 58 లక్షల పౌండ్లు వచ్చాయి. ఆ శిల్పం పూర్వం అక్కడి ప్రభువుల కుటుంబం ఇచ్చింది. వారసుడు హక్కు అడిగాడు, వచ్చిన సొమ్ములో వాటా ఇవ్వాల్సి వచ్చింది. మరుసటి నెలలోనే, అక్కడ మ్యూజియాలకి గుర్తింపు ఇచ్చే ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ ఆ మ్యూజియం గుర్తింపు తీసేసింది. అది చదివినప్పుడు నాకు మా కుంచమే గుర్తొచ్చింది. విలువలో పోలికే లేదు, చిక్కు మాత్రం ఒకటే. కాబట్టి రాయండి: ఏ వస్తువునీ అమ్మకూడదు, కుదువ పెట్టకూడదు, బహుమతిగా ఎవరికీ ఇవ్వకూడదు. పాడైపోయి ఉంచలేని వస్తువైతే ఇరు పక్షాలూ తీర్మానం చేసి, ఇచ్చిన కుటుంబానికి ముందు చెప్పాలి.

మూడోది గది మీద హక్కు. లీజు అయితే గట్టిది, అనుమతి పత్రం అయితే మున్సిపాలిటీ ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలదు. లీజుని 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి. రిజిస్టర్ చేయకపోతే ఆ కాగితం కోర్టులో లీజుకి సాక్ష్యంగా నిలవదు. మరీ ఎక్కువ ఏళ్ల లీజుకి ప్రభుత్వ అనుమతి కూడా అవసరమవుతుంది. దాని గురించి కమిషనర్‌తో ముందే మాట్లాడండి. తక్కువ కాలానికే ఇస్తామంటే ఒప్పుకోండి కానీ, ఖాళీ చేయమనాలంటే ఆర్నెల్ల ముందు రాతపూర్వకంగా చెప్పాలనీ, వేరే చోటు చూపించాకే తీయించాలనీ షరతు పెట్టండి. తుపానుకో ఎన్నికలకో గది తీసుకోవాల్సి వస్తే మీ సంఘం మనిషి లేకుండా ఒక్క వస్తువునీ కదపకూడదని కూడా రాయండి. మా రాట్నం నేర్పిన పాఠం ఇది.

ఇక ఖర్చులు. పైకప్పు, గోడలు, వైరింగ్, ఆస్తి పన్ను, బయటి శుభ్రత మున్సిపాలిటీవి. షోకేసులు, లేబుళ్లు, లోపలి శుభ్రత, పిల్లలకి చెప్పే మనిషి మీవి. కరెంటు బిల్లు ఎవరిదో అంకెలతో సహా రాయాలి. మా దగ్గర మీరంటే మీరని మూడు నెలలు ఎవరూ కట్టలేదు. లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకేశాడు. మర్నాడే నలభై మంది హైస్కూలు పిల్లలు వస్తే సెల్‌ఫోన్ లైట్లతో చూపించాం.

తాళాలు రెండు, రెండూ వేర్వేరు. ఒకటి వాచ్‌మన్ దగ్గర, ఒకటి మీ దగ్గర. ఇద్దరూ వస్తేనే తలుపు తెరుచుకోవాలి. ఎవరు ఎప్పుడు తీశారో నోట్‌బుక్‌లో రాయాలి. టికెట్టు పెడితే ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో రాయండి. నన్నడిగితే ఊరివాళ్లకి టికెట్టు వద్దు, హుండీ లాంటి పెట్టె చాలు. గది లోపల, గుమ్మం మీద ఏ పార్టీ ఫ్లెక్సీ, ఏ నాయకుడి ఫొటో పెట్టకూడదన్న షరతు కూడా చేర్చండి. మొహమాటపడకండి. అధికారంలో ఎవరున్నా మ్యూజియం బతకాలంటే ఇది తప్పదు.

చివరగా ఉమ్మడి కమిటీ. అయిదుగురు చాలు: కమిషనర్ నియమించిన ఒక ఉద్యోగి, వార్డు కౌన్సిలర్, మీవాళ్లిద్దరు, ఊరి హైస్కూలు హెడ్మాస్టరో హెడ్‌మిస్ట్రెస్సో. మూడు నెలలకోసారి కూర్చోవాలి, మినిట్స్ రాయాలి. ఒప్పందం కాపీలు నాలుగు తీయించి ఒకటి మీ లాయర్ దగ్గర ఉంచండి. ఆఫీసు మారేటప్పుడు ఫైళ్లు పోవడం మనకి కొత్త కాదు.

రిజిస్టరు రాయడం

పెద్ద సైజు, గట్టి అట్ట, కుట్టిన బైండింగ్ ఉన్న పుస్తకం కొనండి. కాగితాలు ఊడే ఫైలు వద్దు. ప్రతి పేజీకి నంబరు వేసి, మొదటి పేజీలో మొత్తం ఇన్ని పేజీలని రాసి కమిషనర్ చేత, మీ కార్యదర్శి చేత సంతకం పెట్టించండి. వస్తువు నంబరు ఏడాది, చుక్క, వరస. మా కుంచం రాత ఇలా ఉంటుంది:

"2014.44. ఇత్తడి కుంచం. ఎత్తు 21 సెం.మీ., మూతి అడ్డం 19 సెం.మీ. అంచున తీగ చుట్టు, ఎడమవైపు బొటనవేలంత సొట్ట. అడుగున ఇంటిపేరు చెక్కడం, చివరి అక్షరం అరిగింది. కళ్లంలో వడ్లు కొలవడానికి వాడినది. దానం. దాత మనవడి పత్రం, ఫైలు 3, పేజీ 12. ఫొటోలు నాలుగు."

సొట్ట ఎందుకు రాయాలంటారా? రేపు ఎవరైనా ఇలాంటిదే ఇంకో కుంచం తెచ్చి పెట్టి దీన్ని పట్టుకుపోతే గుర్తు పట్టేది ఆ సొట్టతోనే.

వస్తువు తీసుకున్న చోటే, ఇచ్చిన మనిషి ఎదురుగా పత్రం రాయండి. "మొత్తానికి ఇస్తున్నారా, కొంతకాలానికి ఇస్తున్నారా?" అని అడగడానికి నోరు రాదు. అయినా అడగాలి. దానమైతే "నేనూ నా వారసులూ దీని మీద ఇకపై ఏ హక్కూ కోరము" అన్న మాట, ఇద్దరు సాక్షులు. వీలైతే పెద్దకొడుకునో కూతురునో సాక్షిగా పెట్టండి, ఇంట్లో మాట ఇంట్లోనే తెలిసిపోతుంది. కదిలే వస్తువుని చేతికి అందిస్తే దానం చెల్లుతుంది కాబట్టి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పత్రం సాక్ష్యం కోసం. కొంతకాలానికైతే తేదీ వేసి, గడువు తీరాక పొడిగిస్తారా అని మీరే వెళ్లి అడగండి.

వస్తువు మీద బాల్‌పెన్నుతో రాయొద్దు, ప్లాస్టర్ అంటించొద్దు. నూలు టేపు ముక్క మీద నంబరు రాసి వదులుగా కట్టండి. కాగితాల మీద అయితే మెత్తటి పెన్సిలుతో, వెనక వైపు మూలన. మంచి ఉద్దేశంతో చేసే ఇంకో తప్పు ఉంది: ప్రారంభానికి ముందు రోజు ఇత్తడి, రాగి సామానంతా చింతపండు వేసి తళతళలాడేలా తోమడం. వందేళ్ల వాడకంతో వచ్చిన రంగు ఒక్క పూటలో పోతుంది, చెక్కిన అక్షరాలు అరుగుతాయి. మెత్తటి పొడి బట్టతో దుమ్ము తుడిస్తే చాలు. తాళపత్రాల మధ్య పూర్వం వసకొమ్ము ముక్కలు పెట్టేవాళ్లు, పురుగు చేరదని. ఆకులు పెళుసుబారితే నిమ్మగడ్డి నూనె పట్టిస్తారు కానీ, ఆ పని నేర్చినవాళ్ల చేతే చేయించండి.

ఏవి తీసుకోకూడదు

వందేళ్లు దాటిన శిల్పం, నాణెం, చిత్రం లాంటివి 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. రాతప్రతులకైతే 75 ఏళ్లు చాలు. రాతి, లోహ శిల్పాలు, పాత చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు మీ దగ్గర ఉంటే భారత పురావస్తు సర్వే రిజిస్టరింగ్ అధికారి దగ్గర నమోదు చేయించాలి. పొలం దున్నుతుంటే దొరికిందని ఎవరైనా నాణేల ముంత తెస్తే ముట్టుకోకండి. పది రూపాయల విలువ దాటిన నిధి ఏది భూమిలో దొరికినా కలెక్టర్‌కి తెలపాలని 1878 నుంచీ చట్టం ఉంది. ఆ మనిషిని వెంటబెట్టుకుని తహసీల్దార్ దగ్గరికి వెళ్లండి. అలా వెళ్తే అతనికీ మేలే.

పొలిమేరలో ఉన్న వీరగల్లునో (వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) అమ్మవారి రాయినో ఎత్తుకొచ్చి షోకేసులో పెట్టాలన్న ఆలోచన వద్దే వద్దు. అక్కడ పసుపు రాస్తున్నారంటే అది ఇంకా ఊరి వాడుకలోనే ఉంది. ఫొటో తీసి, అక్కడికి వెళ్లే దారి గీసి మ్యూజియంలో పెట్టండి.

డబ్బు

మొదటి మూడేళ్లు పెద్ద నిధులు రావు. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టే సీఎస్ఆర్ సొమ్ము ఇలాంటి పనులకి వాడవచ్చు. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో వారసత్వం, కళలు, సంస్కృతి పరిరక్షణ ఉంది. కానీ స్వచ్ఛంద సంఘానికి మూడేళ్ల అనుభవం, పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్లు, సీఎస్ఆర్-1 ఫారంతో నమోదు కావాలి. కేంద్ర సంస్కృతి శాఖ మ్యూజియం గ్రాంటు పథకానికీ మీ రికార్డు చూస్తారు. కాబట్టి మొదటి రోజు నుంచే లెక్కలు ఆడిట్ చేయించండి. పాత చట్టంలో 12ఏబీ, 80జీ అని పిలిచిన రిజిస్ట్రేషన్లకి 2026 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి. ఆడిటర్‌ని అడిగి సరైనవి రాయించుకోండి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఊరివాళ్లు తప్పకుండా ఫోన్ చేస్తారు. "నేను పంపిస్తా మాస్టారూ, అకౌంట్ నంబరు చెప్పండి" అంటారు. చెప్పే ముందు ఒక్క ప్రశ్న అడగండి: మీది ఏ పాస్‌పోర్టు? భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, భారత సంతతివాళ్లకి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి కావాలి. ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోనే పడాలి. ఆ రిజిస్ట్రేషన్‌కి సంఘం మూడేళ్లు పనిచేసి ఉండాలి, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. చిన్న సంఘానికి ఇది అందని మెట్టు. అలాంటివాళ్లని డబ్బుకి బదులు వాళ్ల అమ్మానాన్నల దగ్గరున్న పాత ఫొటోలు, ఉత్తరాలు స్కాన్ చేసి ఇవ్వమనండి. ఊళ్లో ఉన్న తమ్ముడి చేత, అతని సొంత డబ్బుతో షోకేసు చేయించమనండి. మా దగ్గర 1950ల నాటి తిరనాళ్ల ఫొటోలు తొమ్మిది అలాగే వచ్చాయి.

తెరిచాక

వారంలో రెండు రోజులే తెరవగలిగితే రెండు రోజులే తెరవండి, కానీ చెప్పిన వేళకి తెరవండి. పిల్లలు వచ్చినప్పుడు అన్నీ అద్దాల వెనకే ఉంచకుండా ఒకటి రెండు రోజువారీ వస్తువులు వాళ్ల చేతికివ్వండి. సోల, తవ్వ, మానిక బల్ల మీద పెట్టి ఒక గిన్నెలో బియ్యం పోసి "కొలవండి" అంటే చాలు. మా దగ్గర ఆ బల్ల దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు.

ప్రతి మార్చిలో కౌన్సిల్‌కి ఒక్క పేజీ నివేదిక ఇవ్వండి: ఎంతమంది వచ్చారు, ఎన్ని వస్తువులు చేరాయి, ఎంత ఖర్చయింది, వచ్చే ఏడాదికి ఏం కావాలి. బడ్జెట్ సమావేశానికి ముందే అందాలి. కొత్త కమిషనర్ వచ్చారని తెలిస్తే వారం లోపు వెళ్లి ఒప్పందం కాపీ, తీర్మానం నకలు, రిజిస్టరు మొదటి పేజీ జిరాక్స్ ఇచ్చి మ్యూజియానికి రమ్మని పిలవండి. మాకు పదేళ్లలో ఏడుగురు మారారు. ఏడుగురికీ ఇచ్చాం.

ఏడాదికోసారి గది మూసి, మున్సిపాలిటీ మనిషీ మీరూ కలిసి కూర్చుని రిజిస్టరులో ఉన్న ప్రతి నంబరునీ వస్తువుతో సరిపోల్చండి. ఒకరు చదవాలి, ఒకరు వస్తువు చూపించాలి, మూడో మనిషి టిక్కు పెట్టాలి. మాకు సంక్రాంతి వెళ్లిన వారం కుదురుతుంది. ఇప్పుడు 612 వస్తువులకి ఒక రోజంతా పడుతోంది. మధ్యాహ్నం భోజనం అక్కడే, అరుగు మీద. సాయంత్రానికి చివరి పేజీలో ఇద్దరూ సంతకం చేసి తేదీ వేయాలి. ఏదైనా కనిపించకపోతే, సంతకం కంటే ముందు ఆ నంబరు రాసి ఆ రోజే కమిటీని పిలవండి.